తూర్పు: ఓపెన్ టు స్కై

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముందు వేపచెట్టు కింద బల్ల వేసుకున్న డాక్యుమెంట్ రైటర్, కళ్లజోడు ముక్కు కొసకు జార్చుకుని నేను కొనబోయే ఫ్లాటు హద్దులు గడగడా చదివాడు. ఉత్తరం కారిడారు, మెట్లు. పడమర ఫ్లాట్ నంబరు 303. దక్షిణం ఓపెన్ టు స్కై. తూర్పు ఓపెన్ టు స్కై. "సరిగ్గున్నయా సార్? ఒక్కసారి చూస్కోండ్రి. తర్వాత దిద్దాల్నంటె మల్ల ఇంకో డీడు రాయాలె" అన్నాడు.

అది 2011 సెప్టెంబరు మొదటి వారం. ఇంకో వారంలో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. ఆఫీసులు మూతపడకముందే పని కానిచ్చుకోవాలని ఇంట్లో అందరూ తొందరపెడుతున్నారు. నేను మాత్రం ఆ చివరి ముక్క దగ్గర ఆగిపోయాను. సూర్యాపేట దగ్గర మా నాయన పేర రెండెకరాల చెలక ఉండేది. దాని పాత దస్తావేజులో తూర్పున ఫలానా వాళ్ల చెలక, పడమర బండ్ల బాట, ఉత్తరాన వాగు, దక్షిణాన ఇంకో ఫలానా వాళ్ల బావి అని ఉంటుంది. నాలుగు దిక్కులా మనుషులో, వాళ్లు నడిచే దారులో, తాగే నీళ్లో. నా వంతుకు వచ్చేసరికి రెండు దిక్కులా ఆకాశం. 980 చదరపు అడుగుల ఇంటికి ఇంత పెద్ద పొరుగా అని నవ్వొచ్చింది. సంతకం పెట్టాను.

ఆ 980లో గోడలు, మెట్లు, లిఫ్టు గది వాటా అన్నీ తీసేస్తే కాలు పెట్టడానికి మిగిలేది 720. అది హద్దుల లోపలి సరుకు. నేను నిజంగా డబ్బు పోసింది హద్దుల బయట ఉన్నదానికి అని ఇప్పుడు అనిపిస్తుంది. దానికి రిజిస్ట్రేషన్ లేదు, ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) లేదు, బ్యాంకు లాయరు చూసి బాగుందని రాసిచ్చే కాగితమూ లేదు.

కొనొద్దని లెక్క వేసి మరీ చెప్పినవాళ్లు లేకపోలేదు. హిమాయత్‌నగర్‌లో మా ఆఫీసు పక్క సీటాయన పాత క్యాలెండరు కాగితం వెనక పెన్నుతో వేసి చూపించాడు. ఫ్లాటు ధర 27 లక్షలు. అలాంటిదానికి అప్పట్లో అక్కడ కిరాయి 7,500. అంటే ఏడాదికి 90 వేలు, పెట్టిన సొమ్ము మీద నూటికి మూడు రూపాయల పైచిలుకు. అదే సొమ్ము బ్యాంకులో ఫిక్స్‌డ్ వేస్తే నూటికి తొమ్మిది దాకా వస్తున్న రోజులవి. నాది అప్పు కూడానాయె. 20 లక్షలు, పదిన్నర వడ్డీ, 20 ఏళ్లు. నెలకు 19,968 చొప్పున 240 వాయిదాలు కడితే దగ్గర దగ్గర 48 లక్షలు. "నువ్వు ఇల్లు కొంటలేవు, బ్యాంకోడికి ఇంకో ఇల్లు కొనిపెడుతున్నవ్" అన్నాడు. ఆ లెక్కలో తప్పు పట్టడానికి నాకు ఇవాళ్టికీ ఏమీ దొరకలేదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారే గానీ కొని చూడు అనలేదు మన పెద్దలు. కట్టడంలో కనీసం ఇసుక తక్కువైందని మేస్త్రీ మీద అరిచే సుఖం ఉంది. ఫ్లాటు కొనేవాడికి అరవడానికి ఎవరూ ఉండరు. కాగితాలు మోసుకు తిరగడమే. అయినా ఎందుకు కొన్నావయ్యా అంటే ముందు పదకొండు నెలల సంగతి చెప్పాలి.

మన దగ్గర కిరాయి అగ్రిమెంట్లన్నీ పదకొండు నెలలకే రాస్తారు. ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయించి తీరాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం. ఆ ఖర్చూ ఆ తిప్పలూ ఎందుకని ఏడాదిలోంచి ఒక నెల కోసేశారు. అలా కోసిన ఏడాదుల్లోనే నా సంసారం చాలా భాగం గడిచింది. పదమూడేళ్లలో ఆరిళ్లు. మా అమ్మాయి పుట్టింది రామ్‌నగర్‌లో, నడక నేర్చింది బాగ్ అంబర్‌పేటలో, బడిలో వేసింది విద్యానగర్‌లో. ఒక ఓనరుకు గోడకు మేకు కొట్టకూడదు. ఇంకొకరికి రాత్రి పది దాటితే గేటు చప్పుడు కాకూడదు. ఒకావిడకు మా చుట్టాలు నచ్చలేదు. వాళ్లు నాకూ అంత నచ్చరు గానీ, ఆ మాట ఆవిడ అనకూడదు కదా.

ఆరో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు, డీసీఎం వ్యాన్‌లో బీరువా పక్కన నిలబడి ఉండగా ఒక సంగతి తట్టింది. ఈ ఆరిళ్లూ కలిపి మూడు కిలోమీటర్ల లోపే ఉన్నాయి. ఎక్కడ ఖాళీ చేయమన్నా, చౌకగా ఉంటుందని ఎంతమంది చెప్పినా ఉప్పల్ దాటి పోలేదు, మియాపూర్ వంక చూడలేదు. ఇల్లు ఊడిపోయిన ప్రతిసారీ ఇదే చుట్టుపక్కల టు-లెట్ బోర్డులు వెతుక్కున్నాం. అంటే నేను ఎక్కడి వాణ్ణో నా కాళ్లకు ముందే తెలిసిపోయింది.

నేను ఫ్లాటు కొన్న నల్లకుంట చూడటానికి అందమైన చోటేమీ కాదు. అక్కడ కొంటున్నానంటే ఫొటోలు పంపమని అడిగినవాళ్లు లేరు. ఫీవర్ ఆస్పత్రి ఉంది. దానికి దోమ కడుపులో మలేరియా పరాన్నజీవి ఉంటుందని 1897లో సికింద్రాబాద్‌లో కనిపెట్టి తర్వాత నోబెల్ అందుకున్న సర్ రోనాల్డ్ రాస్ పేరు పెట్టారు. ఆ పేరు బోర్డు మీదే ఉండిపోయింది. జనానికి అది కోరంటి దవాఖాన. క్వారంటైన్ అనే పెద్ద మాటను నోట్లో వేసుకుని నమిలి మెత్తగా చేసుకున్నారు. శంకర మఠం ఉంది. కూరగాయల మార్కెట్టు ఉంది. కాస్త నడిస్తే విద్యానగర్ రైల్వే స్టేషను, అటు పట్టాలు దాటితే ఉస్మానియా. ఇటు ఆటో ఎక్కితే బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ, ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలతో పొద్దున్నే నిండిపోయే సిటీ సెంట్రల్ లైబ్రరీ, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సుదర్శన్, సంధ్య, దేవి సినిమా హాళ్లు. బాగ్‌లింగంపల్లి అన్న పేరు నాకు ఇష్టం. ఉర్దూ తోటను తెచ్చి తెలుగు పల్లెకు అతికించారు. అతుకు కనపడదు.

అయితే వీటిలో చాలా వాటికి నేను ఏడాదికి రెండుసార్లకు మించి వెళ్లను. గానసభకు వెళ్లి ఆరేళ్లయింది. వెళ్లకపోయినా ఇరవై నిమిషాల దూరంలో ఉందన్న ధీమాకే మనిషి డబ్బు పెడతాడు. ధీమాకు ఈఎంఐ కట్టడం తెలివితక్కువ పనే కావచ్చు. బీమాకు కట్టడం లేదా?

ఫ్లాటు మాకు అమ్మింది ఒక రిటైర్డు టీచరు గారు. తెనాలి వైపు మనిషి. ఆ అపార్ట్‌మెంటు కట్టిన 1994 నుంచీ అందులోనే ఉన్నారు. భర్త పోయాక బెంగళూరులో కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నారు. ధర దగ్గర ఒక్క రూపాయి తగ్గలేదు. "మీకు నచ్చితే తీసుకోండి, లేకపోతే వచ్చే ఆదివారం ఇంకొకళ్లు వస్తున్నారు" అని కాఫీ ఇస్తూనే చెప్పారు. ఆ ఇంకొకళ్లు నిజంగా ఉన్నారో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే. నేను బయానా ఇచ్చిన మర్నాడు ఫోన్ చేసి, "బాబూ, సాయంత్రం మీ ఆవిణ్ణి తీసుకుని ఓసారి రా. వీధిలోకి వెళ్దాం" అన్నారు.

చేతిసంచీ పట్టుకుని ముందు ఆవిడ, వెనక మేమిద్దరం. మొదట కిరాణా కొట్టు. "వీళ్లు మా ఫ్లాటు తీసుకున్నారు. నాకిచ్చినట్టే ఇవ్వాలి, పాత కందిపప్పు అంటగట్టకూడదు" అన్నారు. కొట్టాయన నవ్వి పొడుగాటి ఖాతా పుస్తకం తీశాడు. ఆవిడ పేరు కింద గీత కొట్టి, బాకీ ఎంతో చెప్పి, అదే పేజీలో కింద 302 అని రాసుకున్నాడు. తర్వాత ఇస్త్రీ బండి. తర్వాత పిండిమర. "గోధుమలు మంగళవారం పట్టించుకో, ఆ రోజు కారం పట్టరు" అని మా ఆవిడకు చెప్పారు. మందుల షాపులో కుర్రాడికి మా అమ్మాయి వయసు చెప్పారు. సందు మలుపులో గంపలో అరటికాయలు పెట్టుకునే ముసలాయన దగ్గర ఆగి, ఈయనకు చెవుడు, గట్టిగా అడగాలి, కానీ తూకం గురించి గట్టిగా అడగక్కర్లేదు అన్నారు. పాలాయన పొద్దున ఐదున్నరకు వస్తాడు, బెల్లు కొట్టడు, గిన్నె బయట పెట్టాలి. మంజీర నీళ్లు రోజు విడిచి రోజు. వాటి టైము మారినప్పుడల్లా ఎదురింటి వాళ్లకే ముందు తెలుస్తుంది, వాళ్లతో మంచిగా ఉండాలి.

గంటన్నర పట్టింది. చివరికి గేటు దగ్గర నిలబడి సంచీ సర్దుకుంటూ, "అయిపోయింది, ఇంకేం లేదు" అన్నారు. ఆవిడ కళ్లలో నీళ్లేమీ లేవు. సబ్‌రిజిస్ట్రార్ ముందు వేలిముద్రలు వేసింది ఆ తర్వాత మూడు వారాలకు. అక్కడ ఆవిడ నాకు 720 అడుగులు ఇచ్చారు.

మన తెలుగువాళ్లకు ఇంటిపేరు ఉంటుంది గదా, అందులో తమాషా ఏమిటంటే చాలా ఇంటిపేర్లు ఊళ్ల పేర్లే. ఎప్పుడో ఎవరో తాత వదిలేసి వచ్చిన ఊరు. మా ఇంటిపేరులో ఉన్న ఊరిని మా నాయన చూడలేదు, మా తాతా చూడలేదు. ఉన్న ఊళ్లో ఉండగా ఎవరూ ఆ ఊరి పేరుతో పిలవరు. వదిలి వచ్చాకే అది ఇంటిపేరు అవుతుంది. హైదరాబాదులో ఈ పద్ధతి తలకిందులైంది. ఇక్కడ ఎక్కడ ఉంటే ఆ పేరే. మా చుట్టాల్లో ఉప్పల్ చిన్నమ్మ, మలక్‌పేట మామ, ఎల్బీనగర్ బావ ఉన్నారు. వాళ్ల అసలు పేర్లు పెళ్లి కార్డు మీద రాయాల్సి వచ్చినప్పుడే గుర్తు చేసుకుంటాం. పదమూడేళ్ల పాటు మా గురించి ఎవరన్నా చెప్పాల్సి వస్తే "వాళ్లు ఇప్పుడు యాడుంటున్నరు?" అని ఒకరినొకరు అడిగేవాళ్లు. గృహప్రవేశం అయిన ఆరు నెలలకు ఊళ్లో ఒక పెళ్లికి వెళితే, పందిట్లో ఎవరో "నల్లకుంటోళ్లు అచ్చిన్రు" అన్నారు. వెనక్కి తిరిగి చూశాను, ఎవరా అని. మేమే.

మా అమ్మకు మాత్రం ఆ ఇల్లు నచ్చలేదు. గృహప్రవేశానికి వచ్చి, పాలు పొంగించి, గదులన్నీ తిరిగి, తలుపు బయటికొచ్చి నిలబడి, "ఆకిలేదిరా?" అంది. లిఫ్టుకూ మా గడపకూ మధ్య నాలుగడుగుల జాగా చూపించాను. "గీడ సాన్పి యాడ జల్లాలె, ముగ్గు యాడ ఎయ్యాలె? లిఫ్టుల దిగినోడల్లా తొక్కుకుంట పోతడు" అంది. రెండు రోజుల్లో పోతానన్న మనిషి రెండు నెలలుంది. సాయంత్రాలు కిందికి దిగి గేటు పక్క అరుగు మీద, వాచ్‌మన్ భార్య పక్కన కూర్చునేది. వాళ్లది వనపర్తి వైపు ఊరు. వీధిలో పోయేవాళ్ల ఎత్తు, వరస, ఎవరు ఎవరితో మాట్లాడరు, ఎవరి కోడలు ఉద్యోగం మానేసింది అన్నీ మాకు భోజనాల దగ్గర వార్తలుగా వచ్చేవి. వెళ్లిపోయే రోజు నేను ఊరికే ఉండలేక, "ఆకిలి లేదంటివిగా" అన్నాను. "బజార్ల కూసుంటె అదే ఆకిలి" అంది. ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే నేను ఈ వ్యాసం అక్కడితో ఆపేసేవాణ్ణి.

మధ్యలో ఇంకో మాట. మన ఊళ్లల్లో స్వగృహ అని బోర్డు కనిపిస్తే లోపల జంతికలు, సున్నుండలు, కారప్పూస ఉంటాయి. సొంత ఇల్లు అన్న మాట తిండి సరుకైపోయింది. అప్పట్లో మధ్యతరగతికి ఇళ్లు కట్టిస్తామని ప్రభుత్వం పెట్టిన పథకం పేరూ రాజీవ్ స్వగృహే. అందులో ఇల్లు దొరకని నాలాంటి వాడికి మొదటి రకం స్వగృహ కిలోల లెక్కన దొరికేది.

ఇక నల్లకుంట అన్న పేరు చెప్పిన నిజం ఒకటుంది. కొనేముందు నేను 30 ఏళ్ల ఈసీ తీయించాను. ఎవరు ఎవరికి ఎప్పుడు అమ్మారో, ఎక్కడ తాకట్టు పెట్టారో అన్నీ అందులో ఉన్నాయి. నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో లేదు. అది పేట పేరులోనే ఉంది, నేను చదువుకోలేదు. కుంట అంటే ఏమిటో రెండెకరాల చెలక ఉన్న ఇంట్లో పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. వాన నీళ్లు తమంతట తాము వచ్చి నిలిచేచోటు. దిగిన కొత్తలో ఇస్త్రీ బండాయన అపార్ట్‌మెంటు ప్రహరీ మీద నడుమెత్తున ఒక మరక చూపించి, "2000 ఆగస్టుల నీళ్లు గీడిదాక అచ్చినయ్ సార్" అన్నాడు. అదేదో పాత కథలా విన్నాను. 2020 అక్టోబరు 13 రాత్రి వాన మొదలై ఆగలేదు. హుస్సేన్‌సాగర్ నాలా పక్క వీధులన్నీ మునిగాయి. మా సెల్లార్‌లో ఏడు స్కూటర్లు, రెండు కార్లు, లిఫ్టు మోటారు నీళ్లలో ఉన్నాయి. మూడో రోజు బురద ఎత్తిపోస్తుంటే ఇస్త్రీ ఆయన వచ్చి గోడ చూశాడు. పాత మరకకు జానెడు కింద కొత్త మరక. "ఇది గా సారి కంటే తక్కువనే" అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టు. హైదరాబాదులో ఇల్లు కొనేవాళ్లకు నాదొక సలహా: లాయరుకు కాగితాలు ఇచ్చే ముందు పేటకు ఆ పేరు ఎందుకొచ్చిందో అడగండి. తర్వాత ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్లండి. ఆయన ఫీజు తీసుకోడు.

ఇంతవరకూ చదివినవాళ్లు మా పేట చాలా మంచిదనుకుంటారేమో. చెప్పకుండా దాటేస్తే బాగుండనిపించే సంగతి ఒకటుంది, అందుకే చెబుతున్నాను. 2016లో మా రెండో అంతస్తులో ఒక ఫ్లాటు కిరాయికి ఖాళీ అయింది. మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు, పెళ్లయి ఏడాది, ఇల్లు వెతుక్కుంటున్నాడు. నేనే చెప్పి తీసుకొచ్చాను. అమెరికాలో ఉన్న ఓనరుకు అభ్యంతరం లేదు. అసోసియేషనుకు ఉంది. సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని మీటింగు పెట్టారు. అతను ముస్లిం అని ఎవరూ అనలేదు. "మన అపార్ట్‌మెంటులో ఇప్పటిదాకా..." అని ఒకరు మొదలుపెట్టి ఆపారు. ఆపిన చోటు నుంచి ఇంకొకరు "వంటల వాసనలు" అందుకున్నారు. మర్యాదస్తులు. మా ఇంట్లో ఆదివారం ఏ వాసన వస్తుందో వాళ్లకు తెలుసు. అది నాకూ తెలుసు. ఆ ముక్క అనడానికి నోరు రాలేదు. వీళ్లతోనే రేపు నీళ్ల టైము, పార్కింగు, లిఫ్టు రిపేరు. వీళ్ల పిల్లలతోనే మా అమ్మాయి ట్యూషను. ఆరిళ్లు తిరిగినప్పుడు ప్రతి గేటు దగ్గరా "మీరెవరండీ, అంటే... మనవాళ్లేనా?" అని నన్ను అడిగారు. ఏడో ఇంట్లో నేను అడిగేవాళ్ల వరసలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

మర్నాడు ఆ కుర్రాడు నేను నోరు తెరవకముందే "పర్వాలేదు సార్, వేరేచోట చూసుకున్నాను" అన్నాడు. చూసుకోలేదని నాకు తెలుసు. ఇద్దరం టీ తాగాం. మన వాళ్లున్న చోటు అని మనం మురిసిపోయే ప్రతి చోటుకూ ఇలాంటి ఒక కుర్రాడు ఉంటాడు, గేటు అవతల. ఫ్లాటు ధరలో వాడి భాగం కూడా కలిసి ఉంటుందేమో.

మా బావమరిది తెల్లాపూర్‌లో గేటెడ్ కమ్యూనిటీలో కొన్నాడు. 18వ అంతస్తు. బాల్కనీలోంచి చూస్తే రింగు రోడ్డు మీద దీపాల వరస. ఈత కొలను, జిమ్ము, చిన్న లైబ్రరీ, కరెంటు పోయినా తెలియని జనరేటరు. కొత్తిమీర కట్ట కావాలన్నా ఫోన్‌లో నొక్కాల్సిందే అని మొదట్లో నేను వెక్కిరించేవాణ్ణి. ఇప్పుడు మానేశాను. వాడి పిల్లలు సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా కింద ఆడుకుంటారు, ఎవరూ పైనుంచి తొంగి చూడక్కర్లేదు. మా అమ్మాయి మా వీధిలో సైకిలు నేర్చుకోలేకపోయింది. ఆటోలు, బైకులు, రెండు వైపులా నిలిపిన కార్లు. వేసవి సెలవుల్లో మా ఊళ్లో నేర్చుకుంది. ఒకసారి మాటల్లో నేను మా వీధి గొప్పలు చెబుతుంటే వాడు అడ్డుకుని, "బావా, ఇక్కడ మమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు. మా ఇంటికి ఎవరొచ్చారు, ఎందుకొచ్చారు, ఎప్పుడెళ్లారు, ఏం వండుకున్నాం... ఎవరికీ పట్టదు. నాకు అదే హాయి" అన్నాడు. సెల్లార్ మీటింగు గుర్తొచ్చింది. వాడికి జవాబు చెప్పలేదు.

జవాబు లేదని నేను అమ్ముకుని వెళ్లిపోనూ లేదు. 302 ఇప్పుడు అమ్మితే ఎంతొస్తుందో బ్రోకర్లు నెలకోసారి ఫోన్ చేసి చెబుతూనే ఉంటారు.

ఆఖరున తూర్పు సంగతి. మా వంటింటి కిటికీకి తూర్పున పాత బంగళా పెంకుటిల్లు, దాని పెరట్లో మామిడిచెట్టు ఉండేవి. ఓపెన్ టు స్కై అంటే నాకు ఆ చెట్టే. పొద్దున ఏడింటికి ఎండ దాని ఆకుల్లోంచి వచ్చి మా స్టవ్ గట్టు మీద పడేది. ఏటా మే నెలలో ఆ ఇంటి పెద్దాయన బుట్టెడు కాయలు పంపేవాడు. పచ్చడికి పనికొచ్చేవి, తినడానికి పుల్లన. ఆయన పోయాక నలుగురు పిల్లలు, ఇద్దరు ఇక్కడ, ఇద్దరు విదేశాల్లో. నలుగురికీ తెగేది కాదు గనక 2023లో డెవలప్‌మెంటుకు ఇచ్చేశారు. చెట్టు కొట్టిన రోజు మా ఆవిడ వంట చేయలేదు. హోటల్లో తిన్నాం. ఏడాదిన్నరలో అయిదంతస్తులు లేచాయి. మా కిటికీకి చేయి చాపితే అందేంత దగ్గరలో ఇప్పుడు ఇంకొకరి వంటిల్లు.

తెలిసిన లాయరును అడిగాను, నా కాగితంలో ఓపెన్ టు స్కై అని ఉంది కదా, అడ్డం కట్టొచ్చా అని. ఆయన నవ్వాడు. "అది మీ గోడ అవతల ఏముందో చెప్పడం మాత్రమే. ఆకాశాన్ని మీకు రాసివ్వలేదు. కాదు, కోర్టుకే వెళ్తానంటే వెళ్దాం, పదేళ్లు పడుతుంది" అన్నాడు. ఇంటికొస్తూ ఇస్త్రీ బండి దగ్గర ఆగి గోడు చెప్పుకున్నాను. ఆయన ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు సర్దుకుంటూ విన్నాడు. తర్వాత మా అపార్ట్‌మెంటు వంక చేయి చూపించి, "గిది కట్టకముందు ఈడ గూడ ఒక పెంకుటిల్లుండె సార్. జామచెట్టు. ఎనకింటోళ్లు గప్పుడు మస్తు లొల్లి చేసిన్రు" అన్నాడు. అంటే పద్నాలుగేళ్లుగా నేను ఎవరి తూర్పునో మూసేసిన గోడల మధ్య కూర్చుని నా తూర్పు చూసుకుంటున్నాను.

పోయిన నెల ఆ ఎదుటి వంటింట్లోకి ఎవరో దిగారు. కొత్తగా పెళ్లయిన జంటలా ఉన్నారు. వాళ్లది సొంతమో కిరాయో తెలియదు, నేను అడగలేదు. మొదటి రోజు పొద్దున్నే ఆ అమ్మాయి కిటికీలోంచి, "అక్కా, ఇక్కడ పాలాయన ఎన్నింటికొస్తడు?" అని మా ఆవిణ్ణి అడిగింది. ఐదున్నరకు, బెల్లు కొట్టడు, గిన్నె బయట పెట్టమని చెప్పింది మా ఆవిడ. ఇప్పుడు పొద్దెక్కాక కూడా రెండు వంటిళ్లలోనూ లైట్లు వేసుకోవాల్సి వస్తోంది.

అసలు డాక్యుమెంటు బ్యాంకులో ఉంది. వాయిదాలు తీరాక 2031లో చేతికిస్తారు. అందులో తూర్పు హద్దు ఇప్పటికీ ఓపెన్ టు స్కై.